ఆడబిడ్డ డేరా

కరీంనగర్, 2 డిసెంబర్ 1986

చిరంజీవి బాలకిషన్‌ను సరళక్క ఆశీర్వదించి రాస్తున్నది.

తమ్ముడూ, ఒక ప్రశ్న ఎన్నో ఏళ్లుగా నాతోనే తిరుగుతోంది. చిన్నప్పుడు బాపు నిన్ను మన గుట్ట ఎక్కించి, నన్ను కింద మీ చెప్పులకు కాపలా ఎందుకు పెట్టాడు? పడిపోతాననా, ఎక్కేస్తాననా? బాపు లేడు, గుట్ట ఉంది. దాన్నే అడుగుదామని వస్తున్నాను.

మొన్న ఎండాకాలం మా కాలేజీ అమ్మాయిలతో పాటు రాళ్లెక్కడం నేర్చుకున్నాను. నలభై నాలుగేళ్ల లెక్చరర్‌ను చూసి, ఎక్కడం నేర్పే సారు ఎవరో పిల్లను దింపిపోవడానికి వచ్చిన తల్లి అనుకున్నాడు. ఈ చలిలో రెండు రాత్రులు గుట్ట మీద డేరాలో పడుకుంటాను. ఎన్.సి.సి. వాళ్లు చిరిగిందని మూలకు పడేసిన డేరా, కుట్టుకున్నాను. ఎర్రబస్సులో వస్తాను, జొన్నరొట్టెలు కట్టుకొస్తాను. ఇంటికి మాత్రం రాను. ఒక్క రాత్రి పరుపు మీద పడుకున్నానంటే నా ధైర్యం అక్కడే ఉండిపోతుంది.

తాడు, ఇనుప మేకులు బస్సు కండక్టర్‌తో ముందే పంపుతున్నాను. కొట్టంలో వేయించు.

ఇట్లు, నీ సరళక్క

తా.క.: నేను వచ్చే సంగతి ఎవరికీ చెప్పకు. ఊరికే గొడవవుతుంది.


మంథని దగ్గర, మన ఊరు, 9 డిసెంబర్

అక్కయ్యకు బాలకిషన్ దండాలు.

తాడు ముట్టింది. మేకులు ముట్టినయి. నీ మనసుల మాట గూడ ముట్టింది.

ఆడపిల్లలకు ఆస్తిల వాటా అని కొత్త చట్టం వచ్చింది, నాకు ఎరుకే. నువ్వు పెండ్లి చేసుకోనిదానివి, నీకు హక్కున్నది, కాదంటలేను. గని అడిగే తీరు ఒకటుంటది గద అక్కా! ఆడబిడ్డ ఊరికొచ్చి, ఇంట్ల అడుగు వెట్టకుండ బయట డేరా ఏసిందంటే తమ్మునితోని పంచాయతి వడ్డట్టే గాదా?

మన జీతగాడు గంగయ్య తాడు సూసి "దొరా, ఇది భూమి కొలిచే తాడు. మేకులు హద్దులకు" అన్నడు. నేను నమ్మలే. ఇప్పి సూస్తే సరిగ్గ నడుమ ఎర్ర గుర్తు! సగానికి సగమా అక్కా?

నాకు ముద్ద దిగుతలేదు. నీ మరదలు జానకి మాత్రం రెండు దినాల సంది నవ్వుకుంట తిరుగుతున్నది.

పరేషాన్ల ఉన్న నీ తమ్ముడు

తా.క.: గుట్ట కావాలంటే తీస్కో, బండలతోని సహా. బాయి కాడి పొలం మాత్రం అడగకు.


కరీంనగర్, 13 డిసెంబర్

పిచ్చి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఆ ఎర్ర గుర్తు తాడు నడుము తెలియడానికి. దిగేటప్పుడు సరిగ్గా సగానికి వేసుకోకపోతే ఒక కొస పొట్టిదై మనిషి గాలిలో మిగిలిపోతాడు. మేకులు బండ సందుల్లో కొడతాను, దిగేటప్పుడు పీకేస్తాను. నాకు భూమి వద్దు, చలి చాలు. చలికి పట్టా అక్కర్లేదు కదా.

వచ్చే ఆదివారం వస్తాను. కడుపునిండా తిను.

సరళక్క

తా.క.: బాయి కాడి పొలం నాకు ఎన్నడూ గుర్తుకు రాలేదు. నువ్వు రాసిన తర్వాత రెండుసార్లు కలలోకి వచ్చింది. పచ్చగా ఉంది.


మన ఊరు, 6 జనవరి 1987

అక్కయ్యకు దండాలు, మొర.

వచ్చినవు, ఎక్కినవు, రెండు రాత్రులు పండినవు, ఏమడగకుంట పోయినవు. గదే కొంప ముంచింది. నువ్వు పట్టు కోసం బండను చెయ్యితోని తడుముతుంటే ఊరంత కింద నిలవడి సూసింది. "జానలు వెట్టి కొలుస్తున్నది" అన్నడు గంగయ్య. పొద్దుగాల డేరా ముంగట నువ్వు చాయ్ తాగుడు సూసి ఆడోళ్లందరు "గింతేనా!" అన్నరు.

మూడొద్దులకే శంకరవ్వ అత్తగారింటి నుంచి దిగి, వాళ్లన్న హనుమండ్ల మిరప చేన్ల చీరెలతోని డేరా కట్టింది. "అన్నా, నీ ఇంటికి రాను" అన్నది. ఎనుక కనకవ్వ ఎరువుల సంచులు కుట్టుకొని వచ్చింది. గిప్పుడు ఏ చేన్ల సూసినా డేరాలే, జాతర లెక్క. చలికి బిగుసుకపోతరని అన్నలే గొంగళ్లు, ఉడుకుడుకు రొట్టెలు మోస్తున్రు. రాయమల్లయితే చెల్లె రాకముందే జాగ పట్టాలని తన చేన్ల తానే డేరా ఏసుకున్నడు. వాని పెండ్లాం ఇంట్లకు రానిస్తలేదు.

జానకి పుట్టింటికి, నిర్మల్‌కు పోయింది. పోంగ పోంగ నువ్వు కొట్టంల ఇడిచిన తాడు తీస్కపోయింది. ఎందుకో సమజైతలేదు.

నీ తమ్ముడు బాలకిషన్

తా.క.: మంథని నుంచి వకీలును తెచ్చినం. చట్టం రాకముందు పెండ్లయినోళ్లకు వాటా లేదని చేను చేనుకు తిరిగి చెప్పిండు. కనకవ్వ ఏమన్నదో తెల్సా? "చట్టం లేకపోతే పాయె సారూ, డేరా ఉన్నది గద."


నిర్మల్, 12 జనవరి 1987

చిరంజీవి బాలకిషన్‌కు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజే జానకి ఉత్తరమూ వచ్చింది, డేరా కట్టడం నేర్పమని. అందుకే ఇది నిర్మల్ నుంచి రాస్తున్నాను. నీ బావమరిది లక్ష్మీకాంతరావు జొన్న చేను గట్టున ఇప్పుడు రెండు డేరాలున్నాయి. ఇక్కడ చెంబులో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొరుకుతున్నాయి. జానకి డేరా బిగువుగా నిలబడింది. నేర్పిన నాదే తెల్లవారేసరికి నా మీద పడింది.

నిన్న లక్ష్మీకాంతరావు చాయ్ పట్టుకుని వచ్చాడు. కోపమేమీ లేదు. చెల్లెలిని కాదు, నన్ను చూసి అన్నాడు: "వదినె, లొల్లి వెట్టుకునే మనిషిని గాను. బావ మీకు ఏమిస్తే, నేను జానకికి గదే ఇస్త. పొలమిస్తే పొలం, గుట్టిస్తే గుట్ట. మాకూ ఉన్నది ఒకటి."

ఆయన వెళ్లగానే జానకి నా చేయి పట్టుకుంది. "వదినె, బాయి కాడి పొలం అడుగున్రి" అంది. నీ పెళ్లామే, తమ్ముడూ.

ఇన్ని డేరాల్లో చట్టం వర్తించేది నాకొక్కదానికే. ఏమీ అడగనిదాన్ని కూడా నేనొక్కదాన్నే. అడగకపోతే జానకి చేతికి బండలు వస్తాయి. అడిగితే, కొలవడానికే ఎక్కిందన్న ఊరి మాట నిజమవుతుంది. ఆ తర్వాత నువ్వు నాకు ఉత్తరం రాస్తావా? ఎల్లుండి చెబుతానని జానకితో అన్నాను.

నీ అక్క, సరళ

తా.క.: భూమి వద్దు, చలి చాలు అని రాసినప్పుడు నేను అబద్ధమాడలేదు. అదే మాట మళ్లీ రాద్దామని పొద్దున్నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను, చేయి సాగలేదు. అడగాలో వద్దో నాకు ఇంకా తేలడం లేదు.