తల్లిబాతుని కొట్టిన చేతులకి

ఒరే ప్రేమానందం,

కోడిపెట్ట కింద పొదగేసిన అడవిబాతు గుడ్లకి పగుళ్ళొచ్చాయి. ఇయ్యాళే పిల్లలవుతాయి. గంప దగ్గర్నించి కదలమాక.

పెంకు నువ్వు ఒలవమాక, నెత్తురు కారి చస్తాయి. వాటి మటుకు అవే పొడుచుకుని రావాలి.

తన పిల్లలు కావని తెలిసిందంటే పెట్ట నెత్తి మీద పొడిచి చంపుద్ది. ఒక్కోటి బయటపడగానే తీసి, నా పాత చీర పరిచిన బుట్టలో పెట్టు. బాతులే కదా అని నీళ్ళ తొట్లో వెయ్యమాక. తల్లి ఒంటి జిడ్డు అంటితేనే అవి తేలేది. ఆ తల్లిని వరిచేలో గూటి మీదే కర్రతో కొట్టి చంపావు. అడ్డమొస్తే అక్కనని కూడా చూడకుండా నా మణికట్టు విరగ్గొట్టావు. నాలుగు రోజులైనా వాపు దిగలా. కట్టు కట్టించుకోడానికి బస్సెక్కి నందిగామ పోతున్నా. ఇది ఎడం చేత్తో రాస్తున్నా.

పిల్లలకి నూకలు నానబోశా. నీ అన్నం ఉట్టి మీదుంది. ఆ కర్ర పొయ్యిలో పెట్టేశా, వెతకమాక.

ఆదెమ్మక్క

ఇంకోటి. బాతుపిల్లలు పుట్టగానే ఎవరి చేతిలో పడితే వాళ్ళే అమ్మనుకుని వెంటపడతాయి. వాటి ఖర్మ, ఇయ్యాళ ఇంటో నువ్వు తప్ప ఎవరూ లేరు.