బండ ఎత్తే పాట

ఎర్రగుంట్ల దగ్గర బండల గని,
1931 ఫిబ్రవరి 9, సోమవారం.

ఆలూరులోని ప్రియమిత్రుడు బసవరాజుకు గురుస్వామి నమస్కారాలు. నీవూ ఇంట్లో పెద్దలూ కుశలమని తలుస్తాను. నేను కుశలమని రాయడానికి మాత్రం చేయి రావడం లేదు. ఒళ్లంతా మండిపోతోంది.

ఈ గనిలో చేరి పద్దెనిమిది రోజులైంది. పేదవాడి చెమటలోనే దేశముందని మన కరపత్రాలు చెప్పినాయి కదా! ఆ చెమట పాడే పాటలు వింటే నీవు చెవులు మూసుకుంటావు. మా జట్టు ఎనిమిది మందిమి. బండకు మోకులు కట్టి, వాసాలు దూర్చి, ఇటు నలుగురు అటు నలుగురు పాట ఊపుకు ఒక్కసారిగా భుజాల మీదికి ఎత్తాలి. జట్టు మేస్త్రి పెద్ద ఈరన్న నా పేరైనా అడగకముందే, "నీకేం పాట వచ్చునప్పా? రోంత పాడు, ఇంటాం" అన్నాడు. జైలుకు పోయే వీరుల మీద కరపత్రంలో వచ్చిన పాట ఎత్తుకున్నాను. సగమైనా కానివ్వలేదు. "బాగుండాది గానీ, దీంట్లో ఊపిరి యాడ తీసుకోవల్లబ్బీ? బండ మోస్తాండామా, ఊరేగింపుకు పోతాండామా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వినారు.

ఆ రోజే నేనూ వాళ్లను తూచినాను. మనిషి ఎటువంటివాడో అతని పాట చెబుతుంది. ఈరన్న ఎత్తుకునేది మరదలి రవిక మీద బూతు పాట. అతనితో పనికి మించి మాట్లాడను. బొజ్జన్నవి తత్వాలు. దేశం తగలబడిపోతుంటే ఈ దేహం తోలుతిత్తి అంటూ కూర్చుంటాడు. అతని పక్కన సంగటి కూడా తినలేను. మిగిలినవాళ్లు ఎవరేది పాడితే దానికి తలలూపుతారు. చౌడప్ప ఒక్కడే ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "ఆ జైలు పాట మల్లా చెప్పబ్బీ, నాకు శానా నచ్చిండాది" అన్నాడు. మూడు రోజుల్లో నేర్చుకున్నాడు కూడా. ఈ గని మొత్తంలో నాకు తగిన మనిషి అతనొక్కడేనని తేల్చుకున్నాను.

మొన్న శుక్రవారం, రైలుకెక్కించే పెద్ద బండ పడి చౌడప్ప కుడిపాదం నలిగింది. పాత మోకు తెగింది, అంతే. దానికి నా పాటే కారణమని జట్టంతా ఒక్కటై నన్ను వెళ్లగొట్టింది! బూతులకు చోటుందట, దేశానికి లేదట! నీవు మన పఠనమందిరం తరఫున ఘాటుగా ఒక కరపత్రం రాయి. ఈరన్న పేరు పెట్టి మరీ రాయి. ఇటువంటి బానిసలున్నన్నాళ్లు స్వరాజ్యం రాదని రాయి.

ఇట్లు,
నీ కరపత్రం కోసం ఎదురుచూసే
నీ గురుస్వామి

తా.క. బసవరాజూ, కరపత్రం రాయవద్దు. మోకు తెగలేదు. పాటలో ఎత్తమనే మాట ఈరన్నది. ఆ మాట మీదనే అన్ని భుజాలూ లేవాలి. ఆ రోజు అతని బూతు సహించలేక, మధ్యలో గొంతు పెంచి నా పాట అందుకున్నాను. నేనూ చౌడప్పా దానికి లేచినాము. మిగిలిన ఐదుగురూ ఈరన్న మాట కోసం ఆగినారు. బండ ఒరిగింది.

నన్నెవరూ వెళ్లగొట్టలేదు. తన కాలే జారిందని చౌడప్ప అందరికీ చెప్పినాడు. అది విని అతని భార్య మద్దమ్మ, "కండ్లు యాడ పెట్టుకోని నిలబడితివి? ఇంగ నన్నూ పిల్లోల్లనూ ఎవురు సాకాల?" అని అతన్నే తిట్టింది. నేను రెండడుగుల దూరంలో ఉండి కూడా నోరు తెరవలేదు. అప్పటినుంచి పనికి పోలేదు. ఈ పొద్దున ఈరన్నే వెతుక్కుంటూ వచ్చి, "బయపడితే ఎట్లప్పా? రా, నా ముందర నిలబడుదువు" అని పిలిచి పోయినాడు.

పైన రాసినది చింపేద్దామనుకున్నాను. చింపితే నీ దగ్గర కూడా మంచివాడిగా మిగిలిపోతాను. అందుకే అట్లాగే పంపుతున్నాను. దీన్ని టపాలో వేసి మద్దమ్మ గుడిసెకు పోతాను. ఆమె తిట్టవలసింది చౌడప్పను కాదు.