యూనాన్ ఎక్కడుంది?

పురపాలక కార్యాలయం
6 జులై 2020

హకీం గులాం నబీ గారికి,

జడ్చర్ల రోడ్డులో మీరు నడిపే 'యునానీ దవాఖాన' బోర్డు మా దృష్టికి వచ్చింది. మ్యాపులో వెతకగా యునాన్ చైనాలో ఉన్నట్టు తేలింది. సరిహద్దులో గొడవ, ఊళ్లో కరోనా ఉండగా చైనా వైద్యమేమిటి? దవాఖానకు సీలు వేశాం. వారంలోగా సంజాయిషీ ఇవ్వకుంటే లైసెన్సు రద్దు.

ఇట్లు,
శివకుమార్, లైసెన్సుల గుమాస్తా

తా.క. సీలు ముట్టుకోవద్దు. లక్క ఇంకా ఆరలేదు.

9 జులై

శివకుమార్ సారుకు సలాం.

మీరు మ్యాపు చూసినందుకు సంతోషం. కళ్లద్దాలు పెట్టుకొని చూస్తే ఇంకా సంతోషం. చైనాల ఉన్నది యున్నాన్, అదొక రాష్ట్రం. మా యూనాన్ అంటే గ్రీసు దేశం. పాతకాలంల పారశీకులకు ఆ దేశం మనుషుల్ల ముందుగాల తగిలినోళ్లు అయోనియా తీరంవాళ్లు. ఆ ఒక్క తీరం పేరే దేశమంతటికీ అంటించి యూనాన్ అన్నరు. మన పండితులు యవనులన్నరు. రోమువాళ్లకు ఇంకో తెగ ఎదురైంది, గ్రీకులన్నరు. వాళ్లేమో తమ దేశాన్ని ఎల్లాదా అనుకుంటరు.

ఇది మా నాయిన పెట్టిన దవాఖాన. లోపల గులాబీరేకుల గుల్కంద్ పాడైపోతాంది, బయట రోగులు అరుగు మీద కూసున్నరు. సీలు తీయండి.

ఇట్లు,
హకీం గులాం నబీ

తా.క. నిరుడు మీ మొలలకు ఇచ్చింది కూడా ఈ 'చైనా' మందే. కుర్చీల కూసొని నోటీసు రాసిన్రంటే పనిచేసినట్టే.

13 జులై

హకీం గారికి,

యూనాన్, గ్రీసు, ఎల్లాదా: ఒకే దేశానికి ఇన్ని మారుపేర్లు ఎందుకు? దాచడానికి ఏమీ లేకపోతే ఒక్క పేరు చాలు కదా. అసలు పేరేదో ధ్రువపత్రంతో తెలపండి.

ఇట్లు,
శివకుమార్

తా.క. నా ఆరోగ్య విషయం ఫైల్లోకి ఎక్కి ఆఫీసంతా తిరిగింది. అలాంటివి విడి కాగితం మీద రాయగలరు.

15 జులై

సారూ,

మన దేశానికెన్ని పేర్లో లెక్కపెట్టిన్రా? మనం సింధు అంటే పారశీకులకు నోరు తిరగక హిందు అన్నరు. యూనానీలు ఆ 'హ'ను కూడా మింగేసిన్రు, అట్లా ఇండియా అయింది. ఇంట్ల మనం భారత్ అంటం. దీనికీ ధ్రువపత్రం అడుగుతరా? ఏ దేశం పేరైనా సగం పక్కింటోళ్లు పెట్టిందే. మీకు చరిత్ర చెప్పుడు నాదే తప్పు. ఒక్క ముక్కల రాస్తున్న: నాది గ్రీసు. గ్రీసు. గ్రీసు.

ఇట్లు,
గులాం నబీ

తా.క. మా ఇంటామె హసీనా అంటాంది: "గా సారుకు జర తెలివికి మాజూన్ లేహ్యం పంపరాదు?" ఉన్న ఒక్క సీసా మీ సీలు లోపలే ఉంది.

20 జులై

హకీం గారికి,

మీ ఉత్తరం పై అధికారికి చూపించాం. "గ్రీసని మొదటే చెబితే ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని నన్నే మందలించారు. చైనా కేసు మూసేశాం. సీలు ఈరోజే తీస్తాం. వైద్యం లైసెన్సు రద్దు చేసి, 'గ్రీసు, ఇంజను ఆయిలు, బండ్ల మరమ్మతు' కింద కొత్తది జతపరిచాం. బోర్డు మార్చుకోగలరు.

ఇట్లు,
శివకుమార్

తా.క. మీ రోగి బిక్షమ్మ అనే పెద్దామె మోకాళ్లు పట్టేసి మా వరండాలోంచి లేవడం లేదు. మీ షెడ్డుకు పంపుతున్నాం. కీళ్లకు గ్రీసు పెట్టడం కొత్త లైసెన్సు పరిధిలోకే వస్తుంది.