నేరేడు గింజల వీడియో

చెల్లె అంజమ్మకు,

మీ బావ కాలు మోకాలి దాకా తీసేశారు. షుగరు గోళీలు మానేసి మూడు నెలలు నేరేడు గింజల పొడి తాగినందుకు.

ఆ పొడి తాగితే గోళీలే అక్కర్లేదన్న వీడియోలో మనిషి మన పాలమూరు యాసలో మాట్లాడాడు. ఇక్కడ బొంబాయి కామాటిపురలో కడుపున పుట్టిన పిల్లలే సగం మరాఠీలో బదులిస్తుంటే, ఆ మాట వినగానే సొంతవాడు అనిపించాడు. "ఆయీ, గాయన డాక్టరా? పేరు గూడ చెప్తలేడు" అని మా అమ్మాయి మయూరి అంటే కసిరాను.

అయినా అనుమానం పోక నీకు ఫోన్ చేశాను. "నిజమే అక్కా, ఊరి గ్రూపుల అందరు గదే పెడుతున్నరు" అన్నావు. ఊరంతా అబద్ధం చెబుతుందా అనుకొని, గోళీల డబ్బా నా చేత్తోనే చెత్తలో వేశాను.

మొన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని పాత మెసేజీలు చూశాను. నిన్ను అడగడానికి వారం ముందే, అందరితో పాటు నీకూ ఆ వీడియో నేనే పంపాను. నువ్వు గ్రూపులో పెట్టావు. ఊరి మాట అని నేను నమ్మింది నేను పంపిందే.

మరిది మళ్ళీ గోళీలు వేసుకుంటున్నాడన్నావు, బతికించావు. మిగతావాళ్లు మాత్రం వద్దని నువ్వు పెట్టిన మెసేజీని నమ్మడం లేదన్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టకు. పట్టుకొని ఇంటింటికీ వెళ్లు, చదివి వినిపించు. ఎవరు రాశారని అడిగితే, ఆ వీడియో మన ఊరికి పంపిన మనిషే అని చెప్పు.

నీ అక్క,
పదకొండో గల్లీ