తాల్‌బగీచా నూతికి పురుడు

అక్కకు,

చెల్లి వాణి నమస్కరించి రాస్తున్నది. ఖరగ్‌పూర్‌లో నేను కులాసాగానే ఉన్నాను. నీ కాళ్ళ వాపు తగ్గిందా? బావగారు, అమ్మ, నాన్న బాగున్నారా? పురిటికి వస్తానా రానా అని నువ్వు అడిగినప్పుడల్లా మాట దాటేశాను. ఫోనులో చెబితే మధ్యలో ఏడుస్తావు, నేనూ తడబడతాను. అందుకని రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు పోయి ఉక్క మిగిలింది. కూరల్లో ఆవనూనె వాసన ఇప్పుడు నాకు తెలియడం లేదు. రోజంతా డీజిల్ వాసనలో ఉండి ముక్కు దేన్నీ పట్టించుకోవడం మానేసింది. నా గురించి బెంగ పెట్టుకోకు, తిండికి లోటు లేదు.

తాల్‌బగీచాలో నేనుండే సందు చివర ఎప్పుడో మూతపడిన లారీల షెడ్డు ఉంది. దాని నేల కింది ట్యాంకు చిల్లుపడి డీజిల్ మట్టిలోకి, అక్కణ్ణించి నూతుల్లోకి దిగింది. మా ఇంటిగలావిడ సింహాచలం మామ్మగారి నూతిలో నీళ్ళమీద తెట్టు కట్టింది. ఈ నూతుల్ని బాగుచెయ్యడమే ఇక్కడ మా జట్టు పని. తెట్టు పంపుతో తోడేశాం. మట్టికి పట్టినదాన్ని తోడలేం కదా. గొట్టాలు దించి గాలి ఊదుతాం, కాస్త ఎరువు నీళ్ళు పోస్తాం. మట్టిలోని సూక్ష్మజీవులు ఆ డీజిల్‌ని తిని పెరుగుతాయి. మామ్మగారికి అర్థమవ్వాలని "కంటికి కనపడని పురుగులు" అన్నాను. అదే కొంప ముంచింది.

ఆవిడ మామగారు శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి తవ్వించిన నుయ్యి అది. ఆ ఇంటి బాలింతలందరూ పురుడు తీరాక దానికే పసుపు రాసి చేద వేశారు. ఇప్పుడు మనవరాలు ప్రసవించింది. ఆదివారం నేను ఇందా బజారుకి వెళ్ళి వచ్చేసరికి మామ్మగారు నూతిలోనూ, మా గాలిగొట్టాల్లోనూ బ్లీచింగు కుమ్మరించారు.

"ఏటి మామ్మగారూ ఇది?" అన్నాను.

"పురుగులున్న నూతిలో బాలింత సేత సేదేయిత్తానేటే? సూడు, ఎంత శుబ్బరంగా ఉందో!"

పరీక్ష చేస్తే డీజిల్ అలాగే ఉంది, తినేవే చచ్చాయి. మా సూపర్‌వైజర్ దాదా చిరాకుపడి, "ఛోడో, వదిలెయ్, మట్టి వేసి పూడ్చేద్దాం. పని ముగుస్తుంది, శనివారం నువ్వు ఇంటికి పో" అన్నాడు. నిజం చెబుతున్నాను, ముందు సంతోషించాను. ఏ రైలెక్కాలో కూడా అనుకున్నాను.

మర్నాడే నూతిపూజ. కుళాయి దగ్గర కానిద్దామని ఎవరో అంటే మామ్మగారు ఒప్పుకోలేదు. "కుళాయికి బొట్టెడితే ఏటి లాబం? కట్టేస్తే ఊరుకుంటాది" అన్నారు. సందు ఎగువన, డీజిల్ చేరని చోట, మంచినీళ్ళు ఎలా ఉంటాయో పోల్చుకోడానికి మేం వేసిన బోరు గొట్టం ఒకటుంది. వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళాను. ఆ ప్లాస్టిక్ గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. పరీక్షకు నీళ్ళు తీసే సన్న గొట్టానికి తాడు కట్టి బాలింత చేతికిచ్చాను. అదే చేద. చెప్పులు విప్పి దాదా కూడా నిలబడ్డాడు. నీళ్ళు తేటగా పైకొచ్చాయి.

మామ్మగారు వాసన చూసి, "మా నుయ్యి కూడా ఇలగవుద్దా?" అని అడిగారు.

"పురుగులు మళ్ళీ పుడితే, వానలు వెళ్ళేసరికి కావచ్చు."

"పుట్టనీయే. ఆటికీ పురుడు నానే సేత్తాను" అని దాదా దోసిట్లో నానబెట్టిన శనగలు పోశారు.

దాదా నోటినిండా శనగలు ఉండగానే, వానలు వెళ్ళేదాకా నుయ్యి పూడ్చొద్దు, దగ్గరుండి నేను చూసుకుంటానని చెప్పేశాను. "ఠీక్ హై, మరి సెలవు ఉండదు" అన్నాడు.

నీకు నెలలు నిండేదీ ఆ వానల్లోనే. అందుకని నీ పురిటికి రాలేను అక్కా. తిట్టాలనుంటే తిట్టు, పడతాను. మామ్మగారు ఇప్పుడు రోజూ పొద్దున్నే నూతిలోకి తొంగిచూసి, "ఏవే, పుట్టినాయా?" అని నన్నడుగుతున్నారు. ఇంకా లేదు.

అమ్మతో చెప్పి చింతకాయ తొక్కు కొంచెం పంపించు. అమ్మకీ నాన్నకీ పాదాభివందనాలు, బావగారికి నమస్కారాలు. నన్ను తలుచుకుని దీవించమను. నువ్వు చేద వేసేరోజు నా పేరు మీద ఒక చేద ఎక్కువ తోడు.

నీ చెల్లి,
వాణి