ఎనిమిదో దెబ్బ

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం. బ్రాంప్టన్, కెనడా.
శ్రమదినాలు మొదలయ్యాయి. చర్చిలో ఆరాధన తర్వాత ఈస్టరు దాకా ఎవరు ఏమి మానుకుంటారో చెప్పుకున్నాం. మా సంఘంలో పద్మిని కాఫీ. బేబీ సీరియళ్లు. నేను లేచి, మనవరాలు స్టెఫీ డాన్సు మీద ఒక్క మాట కూడా అననని ప్రకటించాను. సంఘమంతా చప్పట్లు! హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని, క్రమశిక్షణ నాకొక లెక్కా?

మా అబ్బాయి డేవిడ్‌సన్ మాత్రం కారులో, "అమ్మా, నువ్వు కూడా కాఫీ మానేస్తే పోయేదిగా" అన్నాడు.

స్టెఫీ షరతు పెట్టింది. "ఓకే నానమ్మా. బట్ ఒక్క కామెంట్ చేసినా, ప్రాక్టీస్ మొత్తం ఎటోబికోలో నా ఫ్రెండ్ మాయా వాళ్ల బేస్‌మెంట్‌లోనే. సీరియస్."

సాయంత్రం ఆ పిల్ల కింద గెంతుతూ ఉంటేనే ఈ ఇంట్లో నాకు మనుషులున్నట్టు. నోరు మూసుకోవడం నాకే లాభం.

ఫిబ్రవరి 19.
బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని చూశాను. పాట క్రోమ్ బ్లాక్ అనే బృందానిదట. ఎనభైల నాటి నలుగురు కుర్రాళ్లు. తళతళలాడే జాకెట్లు, డ్రమ్స్ బదులు డబ్బాలాంటి యంత్రం, మిక్సీలోంచి మాట్లాడుతున్నట్టు గొంతులు. స్టెఫీ తలకిందులుగా గిర్రున తిరిగింది. ఏమీ అనలేదు.

"నానమ్మా, యువర్ ఫేస్ ఈజ్ సేయింగ్ ఇట్" అంది.

ముఖం గురించి నేను ప్రకటించలేదు.

ఫిబ్రవరి 21.
కాకినాడ చర్చిలో పాటల క్వయర్ నడిపినదాన్ని. తాళం తప్పితే ఒళ్లు మంట. ఎనిమిది దెబ్బల పాటకు ఈ పిల్ల ఏడుకే నేల మీద వాలుతోంది. ఎనిమిదికి దగ్గాను. దగ్గు మాట కాదు. మళ్లీ ఏడుకే వాలింది. మళ్లీ దగ్గాను. డేవిడ్‌సన్ మిరియాల పాలు తెచ్చాడు. తాగక తప్పలేదు.

ఫిబ్రవరి 24.
అనేశాను. "ఏడుకే పడిపోతున్నావేంటే? ఎనిమిది దాకా ఆగలేవా?"

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. జాకెట్లు, గొంతులు, స్టెఫీ జుట్టు, అన్నీ వరసగా వచ్చేశాయి. పిల్ల స్పీకర్ ఆపి, బ్యాగు తీసుకుంది. డేవిడ్‌సన్ ఎటోబికోలో దింపి వచ్చాడు.

ఇంట్లో వేడినిచ్చే ఫర్నేస్ చప్పుడొక్కటే. నాదే ఒప్పని తేల్చుకుందామని ఐప్యాడ్‌లో ఆ పాట పెట్టి, వేళ్లతో తాళం వేశాను. మళ్లీ పెట్టి, మళ్లీ వేశాను. ఎనిమిదో దెబ్బ వాళ్లు వేయనే వేయరు! యంత్రం అక్కడ ఊరుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో నేల మీద కదలకుండా ఉండాలంటే ఏడుకే వాలాలి. పిల్ల తాళం తప్పలేదు. ఖాళీ కనిపిస్తే నింపేయడం నాకు క్వయర్ నుంచి ఉన్న జబ్బు.

ఫోన్ చేశాను. "నీదే కరెక్టమ్మా. ఇంటికి రా" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. నేనూ నింపలేదు.

"రేపొస్తా" అంది.

ఫిబ్రవరి 25.
వచ్చింది. కొత్త షరతుతో. నేను చప్పట్లతో తాళం వేయాలి, ఎనిమిదికి మాత్రం చేతులు కలపకూడదు. ఏడుకి వాలింది. యంత్రం ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా చప్పట ఒక్కటే ఫట్‌మని మోగింది.

స్టెఫీ నేల మీదే పడుకుని నవ్వింది. "నానమ్మా, మళ్లీ."

పద్మిని ఇంతవరకూ కాఫీ ముట్టలేదట. నా శ్రమదినాలు ఈ రోజే మొదలైనట్టు రాసుకుంటున్నాను. ఈస్టరు తర్వాత ఒక వారం అదనంగా పాటిస్తాను. ఈసారి నోటితో పాటు చేతులు కూడా.