కృపానిధికి ఇంకో వేషం వద్దు

రాజాం,
9 జూన్ 2014.

తమ్ముడు రాబర్టుకి,

ప్రభువు దయవల్ల ఇక్కడ మేం ప్రాణాలతో ఉన్నాం. విజయనగరంలో నువ్వూ మరదలు మెర్సీ కూడా బాగున్నారని తలుస్తాను. మేం క్షేమం అని మాత్రం రాయలేను. నీ సినిమా వచ్చిన దగ్గర్నుంచి ఆ మాట మా ఇంట్లో లేదు.

ఫోన్ చేస్తే ఏ హాల్లో ఎంత జనం అనే గొడవే గాని నా మాట వినవు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

మేనల్లుడు కృపానిధికి గడ్డం బాగుంది, యేసయ్య వేషానికి సరిపోతాడు అన్నావు. మన సంఘాలవాళ్లు నాలుగు రోజులు చూస్తారు, అంతే అన్నావు. హాలు యజమాని పృథ్వీరాజ్ కూడా అలాగే అనుకుని పొద్దుటాట ఒక్కటే ఇచ్చాడు. ఇప్పుడు పెద్ద హీరో బొమ్మ ఎత్తేసి అన్ని ఆటలూ నీదే వేస్తన్నాడు. చర్చి గుమ్మం ఎక్కనోళ్లు ఆటోలు కట్టించుకుని వస్తన్నారు. ఎదురింటి లక్ష్మణమ్మ ఆదివారం పొద్దున్న అరసవల్లిలో దణ్ణం పెట్టుకుని, మధ్యాహ్నం ఆటకి ఇక్కడికొస్తాది. ఏడిస్తే మనసు తేలికవుతాదమ్మా అంటాది. ఆమెకి తేలికే. బరువు నాకు.

నా కొడుకు మోటారు సైకిళ్లు బాగుచేసుకునే కుర్రోడు. షెడ్డుకొచ్చినోళ్లు బండి సంగతి వదిలేసి వాడి కాళ్లకి మొక్కుతున్నారు. మనం బొమ్మకే మొక్కం, వీళ్లు గ్రీజు చేతులోడికి మొక్కుతున్నారు. మొన్న హోటల్లో బిర్యానీ తింటుంటే టీకొట్టు ఎర్రన్న వచ్చి, సేపలు తిన్నావని సినిమాలో సూశాం, కోడి ఎప్పుడు తిన్నావు బాబూ అని అడిగాడట. వీడు తినకుండా లేచి వచ్చేశాడు. పొందూరు సంబంధం కూడా పోయింది. ఆయన్ని ఏవండీ అని పిలిస్తే ప్రార్థన సేసినట్టుంటాదని పెళ్లికూతురే అందట.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకుందును. గురమ్మ సంగతి విను. పక్క ఊరి రైతు మనిషి. మూర్ఛలొచ్చే మనవరాల్ని ఎత్తుకొచ్చి, నెత్తిమీద సెయ్యెట్టు నాయనా అని షెడ్డు ముందు కూర్చుంది. వీడు చెయ్యి పెట్టలేదు. ఇద్దర్నీ బండెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు మాత్రలిచ్చాడు, పిల్లకి నెమ్మదించింది. గురమ్మ ఏం చేసిందో తెలుసా? బాబు బండి ఎక్కింది, సాలు, మాత్రలెందుకని మానిపించేసింది. పిల్ల మళ్లీ పడిపోయింది. ఈసారి నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. నేను గురమ్మని తిట్టని తిట్టు లేదు. ఆమె నా తిట్లన్నీ విని, మీ బాబు సేత్తో ఇస్తే ఏయిస్తానమ్మా అంది. ఇప్పుడు వీడు రోజూ పనికెళ్లేముందు ఆ ఊరెళ్లి, తన చేత్తో మాత్ర వేసి వస్తన్నాడు.

ఇది చాలదన్నట్టు, రాళ్లతో కొట్టించుకుని చనిపోయిన స్తెఫను కథ తీస్తావట. దానికీ వీడే కావాలట. వద్దురా. కృపానిధి కూడా వద్దనే అంటున్నాడు. మావయ్య మొహం చూసి చెప్పలేక నన్ను రాయమన్నాడు.

కోపమొచ్చినా నీ మేలే కోరే అప్ప,
జ్ఞానసుందరి

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ తీశాను. పైన ఒక అబద్ధం రాశాను. కృపానిధి వద్దనలేదు. నీ ఫోన్ కోసం చూస్తన్నాడు, గడ్డం కూడా తియ్యలేదు. వద్దంటున్నది నేనే. గురమ్మ వల్లా కాదు, సంబంధం వల్లా కాదు.

సినిమా చూశాను, బాగుంది అని నీతో చెప్పాను గదా. ఆఖరిదాకా చూడలేదురా. మేకులు తెచ్చేసరికి లేచి బయటికొచ్చేశాను. ఇంకోసారి వెళ్లినా అక్కడే లేచాను. తిరిగి లేస్తాడని చిన్నప్పట్నుంచీ చదువుకున్నదాన్నే. కాని హాల్లో అందరికీ యేసయ్య కనబడతన్నాడు, నాకు నా కొడుకు కనబడతన్నాడు. లోపల జనం ఏడుస్తుంటే మెట్ల మీద కూర్చుని, వాడు షెడ్డు మూసి ఇంటికొచ్చే వేళయిందా అని చూసుకున్నాను.

వేషం ఇవ్వకుండా ఉండలేకపోతే, ఏ పెళ్లింట్లోనో నీళ్లు మోసేవాడి వేషం ఇయ్యి. అది ఆఖరిదాకా చూస్తాను.